సూర్యరశ్మితో నీటి నుండి హైడ్రోజన్ : పాత్ర నిర్మాణంలోని చిక్కులు

విద్యార్థి సంఘం వార్షిక సంచికలో సైన్సు వ్యాసం కనపడగానే పేజీ తిప్పేసే మిత్రులు చాలామంది ఉంటారని నాకు తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ ఆ కోవకు చెందినవాణ్ణే. అందుచేత ఈ వ్యాసాన్ని సమీకరణాలతో గాక ఒక యూరియా బస్తాతో ప్రారంభిస్తాను.

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు బారులు తీరిన సంగతి మనందరికీ తెలిసిందే. తెల్లవారకముందే వచ్చి, తమకు బదులుగా చెప్పులను వరుసలో పెట్టి చెట్టుకింద కూర్చున్న రైతుల ఫొటోలు పత్రికల్లో చూశాం. మా నాయిన కూడా ఆ వరుసల్లో నిలబడ్డవాడే. రెండు రోజులు తిరిగి రెండు బస్తాలు తెచ్చాడు. ఆ ఆదివారం నేను ఊరికి పోతే బస్తా చూపిస్తూ అడిగాడు:

"కెమిస్ట్రీ చదువుతున్నవు గద బిడ్డా, గిది దేనితోని జేస్తరు?"

"గాలితోని, గ్యాసుతోని నాయినా."

"గాలి మన దగ్గర లేదా?"

"ఉన్నది. గ్యాసే లేదు. దూరంకెల్లి పైపుల వస్తది. దాంట్లకెల్లి హైడ్రోజన్ తీస్తరు."

"గా హైడ్రోజను నీళ్లల్ల గూడ ఉంటదని నువ్వే చెప్తివి గద మొన్న. మరి నీళ్లల్లకెల్లి ఎందుకు తియ్యరు?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఎమ్మెస్సీ రెండవ సంవత్సరం విద్యార్థిని, నోరు మూసుకొని కూర్చున్నాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

యూరియా బస్తాలో హైడ్రోజన్ ఎంత?

60 కిలోల యూరియా తయారు కావాలంటే 34 కిలోల అమ్మోనియా కావాలి. ఆ 34 కిలోల అమ్మోనియాలో 6 కిలోల హైడ్రోజన్ ఉంటుంది. అనగా యూరియా బరువులో సరిగ్గా పదోవంతు హైడ్రోజన్ కావాలన్నమాట. 45 కిలోల బస్తాకు నాలుగున్నర కిలోలు. మిగతావన్నీ గాలిలోను, పొగగొట్టాల్లోను దొరికేవే. హైడ్రోజన్ ఒక్కటే వెతుక్కోవలసిన సరుకు.

మనకు దగ్గరలోనే ఉన్న రామగుండం చరిత్ర చూస్తే ఈ వెతుకులాట అంతా కనపడుతుంది. అక్కడి పాత ఎరువుల కర్మాగారం 1980 లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అది సింగరేణి బొగ్గును గ్యాసుగా మార్చి హైడ్రోజన్ తీసేది. 1999 లో మూతపడింది. అదే చోట 2021 లో ఉత్పత్తి ప్రారంభించిన కొత్త కర్మాగారం సహజవాయువు నుండి హైడ్రోజన్ తీస్తుంది. దాని సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా. పదోవంతు లెక్కన ఏడాదికి 1.27 లక్షల టన్నుల హైడ్రోజన్ కావాలి.

నీటి నుండి హైడ్రోజన్ తీసి ఎరువులు చేయటం కొత్త ఊహ కాదు. పంజాబ్‌లోని నంగల్ కర్మాగారంలో 1960 దశకంలో భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విశ్లేషించి, ఆ హైడ్రోజన్‌తోనే అమ్మోనియా చేశారు. కరెంటు కొరత, ధర పెరగటంతో తర్వాత ఆ పద్ధతి పోయింది. కాబట్టి మా నాయిన ప్రశ్నకు సగం జవాబు ఇది: తియ్యవచ్చు, తీశారు కూడా. మిగతా సగం ఖర్చుకు సంబంధించినది.

నీరు ఇంధనం కాదు

"నీళ్లతో నడిచే కారు" అని అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. నమ్మకండి. నీరు అంటే అప్పటికే కాలిపోయిన హైడ్రోజన్. పొయ్యిలోని బూడిదను మళ్లీ కట్టెగా మార్చాలంటే ఎంత శక్తి కావాలో, నీటిని మళ్లీ హైడ్రోజన్‌గా మార్చాలన్నా అంతే శక్తి బయటి నుండి పెట్టాలి. ఒక కిలో హైడ్రోజన్ కోసం సిద్ధాంత రీత్యా కనీసం 33 యూనిట్ల విద్యుత్తు, దానికి తోడు కొంత వేడి, మొత్తం 39 యూనిట్ల శక్తి కావాలి. ఇప్పుడు దొరికే విద్యుద్విశ్లేషణ యంత్రాలు 50 నుండి 55 యూనిట్లు తింటాయి. అంటే ఒక యూరియా బస్తాకు కావలసిన హైడ్రోజన్ కోసం సుమారు 225 నుండి 250 యూనిట్లు. 2024 లో మొదలైన గృహజ్యోతి పథకం కింద ఒక ఇంటికి నెలకు ఉన్న హద్దు 200 యూనిట్లు. ఒక్క బస్తాకే ఒక ఇంటి నెల కరెంటు దాటిపోతుందన్నమాట.

ఈ శక్తిని బొగ్గు కాల్చి తెచ్చుకుంటే లాభం లేదు. పైన ఉన్న సూర్యుడి నుండి తెచ్చుకోవాలి. మన ప్రాంతంలో ఏడాది సగటున ఒక చదరపు మీటరు నేల మీద రోజుకు సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుంది. దానికి ఎవరూ బిల్లు పంపరు. కాని దాన్ని పట్టి, నీటికి అందించి, వచ్చిన వాయువులను భద్రంగా బయటికి తెచ్చే ఒక పాత్ర కావాలి. ఆ పాత్రనే రియాక్టర్ అంటున్నాం.

మేడమీది ప్రయోగం

పుస్తకంలో చదివినదాన్ని స్వయంగా చూడాలని నిరుడు వేసవిలో ల్యాబు మేడమీద ఒక ప్రయోగం చేశాను. పది వాట్ల చిన్న సోలార్ పానెల్, ఒక బీకరు, రెండు స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు, కాస్టిక్ సోడా కలిపిన నీరు. (ఉప్పు కలపవద్దు. ఉప్పు కలిపితే ఆక్సిజన్‌తో పాటు క్లోరిన్ వస్తుంది.) పానెల్‌ను ఎండలో పెట్టగానే రెండు రేకుల మీదా బుడగలు లేచినయి. నా సంతోషం చెప్పనలవి కాదు.

అప్పుడు ఒక తెలివితక్కువ పని చేశాను. రెండు రేకులకు రెండు గొట్టాలు పెట్టటం బద్ధకమై, రెంటిమీదా ఒకే గరాటు బోర్లించి, వచ్చిన వాయువునంతా ఒక గాజు గొట్టంలో పట్టాను. నిండగానే మూతి దగ్గర అగ్గిపుల్ల గీశాను. పెద్ద శబ్దంతో గొట్టం పగిలింది. కళ్లద్దాలు ఉన్నందున కళ్లు దక్కినయి. చెవిలో గుయ్యిమనే శబ్దం సాయంత్రం దాకా పోలేదు. మెట్లెక్కి పరుగున వచ్చిన మా సార్ ముందు నన్ను తలనుండి కాళ్లదాకా చూసి, దెబ్బలేమీ లేవని నిర్ధారించుకొని, ఆ తర్వాత తిట్టారు. చివరికి ఒక మాట అన్నారు:

"నీళ్లను విడగొట్టినవయ్యా, బాగున్నది. విడగొట్టినదాన్ని విడిగ ఎట్ల ఉంచాల్నో అది చెప్పు ముందు. రియాక్టరంటే అదే."

ఆ మాట విలువ తర్వాత తెలిసింది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుండి 75 శాతం వరకు ఎంత ఉన్నా అంటుకుంటుంది. శుద్ధమైన ఆక్సిజన్‌లోనైతే ఆ పై హద్దు 94 శాతం దాకా పోతుంది. అంటించటానికి కావలసిన నిప్పురవ్వ శక్తి ఒక మిల్లీజౌలులో యాభయ్యో వంతు మాత్రమే. చలికాలం నైలాన్ చొక్కా విప్పుతున్నప్పుడు వచ్చే చిటపట చాలు.

రెండోసారి బుద్ధి తెచ్చుకొని యు-ఆకారపు గొట్టాలు వాడాను. ఒక కొమ్మలో హైడ్రోజన్, మరో కొమ్మలో ఆక్సిజన్. అర ఆంపియరు కరెంటుతో గంటకు సుమారు 230 మిల్లీలీటర్ల హైడ్రోజన్, అందులో సగం ఆక్సిజన్ వచ్చినయి. ఫారడే సూత్రం చెప్పే లెక్కకు సరిగ్గా సరిపోయింది.

కాని ఇక్కడ ఇంకొక పాఠం ఉన్నది. ఒక గొట్టం పనిచేయటానికి 2 ఓల్టులు చాలు. నా పానెల్ ఇచ్చేది 17 ఓల్టులు. మిగతా 15 ఓల్టులూ వృథా. 0.07 చదరపు మీటర్ల నా పానెల్ మీద నడిమధ్యాహ్నం పడే ఎండ సుమారు 70 వాట్లు. అందులో హైడ్రోజన్‌గా దక్కింది 0.6 వాట్లు. అంటే ఒక శాతం కూడా లేదు. "మరి గొట్టాలను వరుసగా కలిపి చూడు" అన్నారు సార్. లెక్క ప్రకారం ఎనిమిది గొట్టాలు శ్రేణిలో కలిపాను. ఉదయం బాగానే నడిచింది. మధ్యాహ్నం కాగానే కరెంటు పడిపోయింది! ఎండ పెరిగితే కరెంటు తగ్గుడేంది అని ఒక రోజంతా తలపట్టుకున్నాను. పానెల్ వేడెక్కిన కొద్దీ దాని ఓల్టేజి తగ్గుతుంది. వరంగల్ మే నెల ఎండలో ముట్టుకుంటే చేయి కాలేంత వేడిలో 17 ఓల్టులు 15 అయినయి. ఒక గొట్టం తీసేసి ఏడు ఉంచగానే సరిపోయింది. గంటకు లీటరున్నర పైన హైడ్రోజన్ వచ్చింది. సామర్థ్యం ఆరు శాతం.

అదే ఎండ, అదే పానెల్, అవే స్టీలు రేకులు. కొత్త ఉత్ప్రేరకమేమీ కనిపెట్టలేదు. అమరిక మార్చినందుకే ఒక శాతం లోపు ఉన్నది ఆరు శాతమైంది. రియాక్టర్ నిర్మాణం ఎంత ముఖ్యమో చెప్పటానికి నా దగ్గర ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

మంచి పాత్రకు ఉండవలసిన గుణాలు

ఏ రకపు రియాక్టరైనా నాలుగు పనులు చేయాలి.

ఒకటి, ఎండను పట్టాలి. నీటిని విడగొట్టటానికి సిద్ధాంత రీత్యా 1.23 ఓల్టులు చాలు. ఆచరణలో దారిపొడుగునా నష్టాలుంటాయి కాబట్టి 1.6 నుండి 2 ఓల్టులు కావాలి. వెలుగును మింగే పదార్థం మరీ ఎక్కువ శక్తిగల కిరణాలనే కోరితే ఎండలో చాలా భాగం వృథా. మరీ తక్కువ శక్తిగల వాటితో తృప్తిపడితే నీరు విడిపోదు.

రెండు, వెలుగు పుట్టించిన ఋణ, ధన ఆవేశాలు మళ్లీ కలిసిపోకముందే వాటిని నీటి దగ్గరికి చేర్చాలి.

మూడు, హైడ్రోజన్, ఆక్సిజన్‌లను విడిగా ఉంచాలి. లేదా కలిసి ఉన్నా పేలకుండా చూడాలి.

నాలుగు, ఎండకు, వానకు, క్షారానికి, దుమ్ముకు ఓర్చుకొని ఏళ్ల తరబడి నిలవాలి. పైగా చవకగా ఉండాలి. ఎందుకంటే ఎండ పల్చగా పరచుకొని ఉండే సరుకు. దాన్ని పట్టే పాత్ర కూడా ఎకరాలకొద్దీ పరచవలసిందే.

ఈ నాలుగూ ఒకేచోట కుదరకపోవటమే అసలు చిక్కు. యాభై ఏళ్లుగా శాస్త్రజ్ఞులు చేస్తున్న రకరకాల రియాక్టర్లను చూస్తే ఒక్కొక్కరు ఏ గుణాన్ని వదులుకొని ఏ గుణాన్ని పట్టుకున్నారో తెలుస్తుంది.

రియాక్టర్లలో రకాలు

(అ) ఎలక్ట్రోడ్ మీదనే ఎండ: 1972 లో జపాన్‌కు చెందిన ఫుజిషిమా, హోండా అనే శాస్త్రజ్ఞులు టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద వెలుగు పడితే నీరు విడిపోతుందని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. గోడల తెల్లరంగులో కలిపే పదార్థమే అది. ఎంతో చవక, ఎంతో గట్టిది. ఐతే అది అతినీలలోహిత కిరణాలనే మింగుతుంది. ఎండలో వాటి వాటా వందకు నాలుగైదు పాళ్లు మాత్రమే. దీనికి పూర్తి వ్యతిరేకం 1998 లో అమెరికాలో జాన్ టర్నర్ బృందం చేసిన ఎలక్ట్రోడ్. ఇండియం, గాలియం, ఆర్సెనిక్ వంటి ఖరీదైన అర్ధవాహకాల పొరలతో 12.4 శాతం సామర్థ్యం సాధించారు. కాని ద్రావణం ఆ పొరలను తినేస్తుంది. దాని ఆయుష్షు గంటల్లో లెక్కపెట్టవలసి వచ్చింది. గట్టిదానికి ఎండ అందదు, ఎండ అందుకున్నది నిలవదు. ఈ రంగమంతా ఈ రెంటి మధ్య నలుగుతున్నదని చెప్పవచ్చు.

(ఆ) నీటిలో పొడి: ఎలక్ట్రోడ్‌లు, వైర్లు ఏమీ లేకుండా ఉత్ప్రేరకపు పొడిని నీటిలో కలిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచుల్లో పోసి ఎండలో పరచటం. చవకలో దీన్ని మించినది లేదు. 2013 లో అమెరికన్ పరిశోధకులు నాలుగు రకాల రియాక్టర్ల ఖర్చు లెక్కగట్టారు. ఒకే సంచి పద్ధతిలో కిలో హైడ్రోజన్ 1.60 డాలర్లు, రెండు సంచుల పద్ధతిలో 3.20, కదలని ఎలక్ట్రోడ్ పలకలతో 10.40, అద్దాలతో ఎండను కేంద్రీకరిస్తే 4 డాలర్లు. ఈ లెక్కలోని సామర్థ్యాలు అప్పటికి సాధించినవి కావు, సాధిస్తామనుకున్నవి. ఐనా వరుస గమనించదగ్గది. అన్నిటికంటె చవకైన ఒకే సంచి పద్ధతిలో రెండు వాయువులూ కలిసే వస్తాయి. నా పగిలిన గాజు గొట్టం సంగతి మరిచిపోకండి! రెండు సంచుల పద్ధతిలో ఒకదానిలో హైడ్రోజన్, మరొకదానిలో ఆక్సిజన్ పుడతాయి. ఆవేశాన్ని ఒక సంచి నుండి ఇంకొకదానికి మోయటానికి నీటిలో కరిగిన లవణం ఒకటి ఉంటుంది. భద్రతకు పెట్టే ఖర్చు ధరను రెండింతలు చేసిందన్నమాట.

(ఇ) పల్చని నీటిపొర పలకలు: టోక్యో విశ్వవిద్యాలయంలో కజునారి డొమెన్ బృందం 2021 లో ప్రకటించిన 100 చదరపు మీటర్ల రియాక్టర్ ఈ రకానిది. అడుగు కంటె కొంచెం చిన్నవైన (25 సెంటీమీటర్ల చదరం) 1600 పలకలు. ఒక్కొక్కదానిలో ఉత్ప్రేరకపు పూత, పైన అద్దం. రెంటి మధ్య నీటి మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. ఎందుకింత పల్చన? చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు మందాన నీరు నిలిపితే పది కిలోల బరువు. పదోవంతు మిల్లీమీటరు ఐతే వంద గ్రాములే. చట్రం తేలికగా, చవకగా చేయవచ్చు. రెండవ లాభం భద్రత. ఇరుకు సందులో జ్వాల ముందుకు సాగలేదు, గోడలు దాని వేడిని లాగేస్తాయి. పూర్వం సింగరేణి గనుల్లోకి దిగేవారు పట్టుకొనిపోయిన సేఫ్టీ లాంపులోని వైరు జల్లెడ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదనే. టోక్యోవారు కావాలనే రవ్వ పుట్టించి పరీక్షించినా పలకలు చెక్కుచెదరలేదు. కలిసి వచ్చిన వాయువులను సన్నని పాలీఇమైడ్ పొర గుండా పంపి హైడ్రోజన్‌ను వేరుచేశారు. కొన్ని నెలలపాటు ఆరుబయట నడిపారు.

సామర్థ్యం మాత్రం 0.76 శాతం. వారు వాడిన స్ట్రాన్షియం టైటనేట్ ఉత్ప్రేరకం చెడ్డదా అంటే కాదు. అతినీలలోహిత కిరణాలు పడితే వందలో 96 వరకు పనిలోకి తెచ్చే రకమని 2020 లోనే చూపించారు. లోపమల్లా అది దృశ్యకాంతిని ముట్టదు. వాళ్ల పాత్ర సిద్ధంగా ఉన్నది. అందులో పోయటానికి తగిన పొడి కోసం ఎదురుచూస్తున్నది.

2023 లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంవారు ఇండియం గాలియం నైట్రైడ్ ఉత్ప్రేరకంతో, కటకంతో ఎండను కేంద్రీకరించి, ప్రయోగశాలలో 9.2 శాతం, ఆరుబయట 6.2 శాతం సాధించారు. అందులో విశేషమేమంటే నీటిని 70 డిగ్రీల దాకా వేడెక్కనిచ్చారు. ఆ వేడిలో హైడ్రోజన్, ఆక్సిజన్ తిరిగి నీరుగా కలిసిపోవటం తగ్గిందట. వేడి ఎప్పుడూ శత్రువే అనుకున్న నాకు ఇది ఆశ్చర్యం కలిగించింది.

(ఈ) గొడుగు అద్దం: స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో 2023 లో ఏడు మీటర్ల వ్యాసం గల అద్దపు గొడుగుతో ఎండను ఒకచోటికి చేర్చి, అక్కడ పానెల్‌ను, విద్యుద్విశ్లేషణ ఘటాన్ని పక్కపక్కనే అమర్చారు. పానెల్‌ను చల్లబరిచిన నీరే వేడెక్కి ఘటంలోకి పోతుంది. పానెల్‌కు చల్లదనం, ఘటానికి వేడి, రెండూ ఒక్క దెబ్బతో. రియాక్టరు సామర్థ్యం 20 శాతం దాటింది. రోజుకు సుమారు అర కిలో హైడ్రోజన్ వచ్చింది. ఐతే సూర్యుడి వెంట తిరిగే యంత్రం కావాలి, నేరుగా పడే ఎండ కావాలి. మబ్బు పడితే అద్దం పనిచేయదు.

(ఉ) వేరువేరుగా పానెల్, యంత్రం: ఇరవై శాతం సామర్థ్యం గల మామూలు పానెళ్లు, వాటి కరెంటుతో నడిచే విద్యుద్విశ్లేషణ యంత్రం. మొత్తం మీద 13, 14 శాతం. నా మేడమీది ప్రయోగానికి పెద్దన్న అనవచ్చు. ఈనాడు బజారులో కొని పెట్టుకోగలిగింది ఇదొక్కటే. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ లక్ష్యం 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు. 2025 జనవరి 8 న విశాఖ దగ్గర పూడిమడకలో శంకుస్థాపన జరిగిన హైడ్రోజన్ కేంద్రం కూడా ఇటువంటి యంత్రాల మీద ఆధారపడేదే.

మన ఎకరం లెక్క

ఇప్పుడు ఊరి లెక్కకు వద్దాం. చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్ల ఎండ. రియాక్టర్ సామర్థ్యం ఒక శాతమైతే దానికి వచ్చే హైడ్రోజన్ రోజుకు ఒకటిన్నర గ్రాములు. పది శాతమైతే పదిహేను గ్రాములు. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి ఒక శాతం రియాక్టర్ ఎకరం పరిస్తే రోజుకు 6 కిలోలు, పది శాతం రియాక్టరైతే 60 కిలోలు. అంటే రోజుకు 13 యూరియా బస్తాలకు సరిపడే హైడ్రోజన్.

రామగుండం కర్మాగారానికి మొత్తం కావలసినంత హైడ్రోజన్ ఎండతో తీయాలంటే పది శాతం సామర్థ్యంతో సుమారు 5,700 ఎకరాలు కావాలి. ఒక శాతంతోనైతే 57,000 ఎకరాలు. మొదటిది కష్టమైనా ఊహించదగ్గది. రెండవది ఎన్నో ఊళ్ల పొలాలను మింగేస్తుంది. రియాక్టర్ సామర్థ్యం అన్న అంకె వెనుక ఇంత భూమి ఉన్నదని ల్యాబులో కూర్చున్న మనకు తోచదు.

నీరు ఎంత కావాలి? కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్లు. రోజుకు 60 కిలోలిచ్చే ఎకరానికి 540 లీటర్లు. వరి ఎకరానికి పెట్టే నీటితో పోలిస్తే ఇది లెక్కలోనిది కాదు. కాని అది శుద్ధమైన నీరై ఉండాలి. మన బోర్లలోని కఠినజలం పోస్తే సున్నం పేరుకొని ఎలక్ట్రోడ్‌లు మూసుకుపోతాయి.

ఒక చిక్కు దాచకుండా చెప్పాలి. యూరియాకు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. ఇప్పటి కర్మాగారంలో అది సహజవాయువు నుండే వస్తున్నది. హైడ్రోజన్‌ను నీటి నుండి తీస్తే ఆ వాయువును ఇంకొకచోటి నుండి, బహుశా విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల నుండి, తెచ్చుకోవలసి ఉంటుంది. హైడ్రోజన్ వచ్చినంత మాత్రాన యూరియా వచ్చినట్టు కాదు.

మన ఎండకు తగిన పాత్ర

విదేశీ పత్రికల్లోని రియాక్టర్‌ను తెచ్చి మన మేడమీద పెడితే అదే ఫలితం రాదు. నా అనుభవంలో మూడు అడ్డంకులు కనపడినయి. మొదటిది వేడి. దాన్ని గురించి పైన చెప్పాను. రెండవది దుమ్ము. వారం రోజులు తుడవకపోతే పానెల్ కరెంటు తగ్గటం మీటరులో స్పష్టంగా కనపడింది. మూడవది కోతులు. ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఏడు గొట్టాల్లో రెండు మాయమైనయి! నవ్వులాటకు అంటున్నానని అనుకోకండి. ఆరుబయట ఇరవై ఏళ్లు నిలవవలసిన పాత్రకు ఇదీ ఒక పరీక్షే.

కాలం కూడా చూడాలి. రైతుకు యూరియా కావలసింది వానాకాలం మబ్బుల్లో. ఎండ మెండుగా ఉండేది వేసవిలో. కాబట్టి వేసవి ఎండను అమ్మోనియాగానో ఎరువుగానో మార్చి నిల్వచేసుకోవాలి. మబ్బున్నా చెదిరిన వెలుగుతో పనిచేసే పలకలా, మండుటెండలోనే పనిచేసే గొడుగు అద్దాలా అన్నది మన ప్రాంతానికి లెక్కగట్టి తేల్చుకోవలసిన ప్రశ్న.

తెలుగునాట ఈ పని జరగటం లేదని కాదు. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో సౌర ఇంధనాల ప్రయోగశాల ఉన్నది. టైటానియం డయాక్సైడ్ నానో గొట్టాలకు రాగి చేర్చి, గ్లిసరాల్ కలిపిన నీటి నుండి ఎండలో హైడ్రోజన్ తీశారు. హైదరాబాదులోని ఐఐసిటిలోనూ కాంతి ఉత్ప్రేరకాల మీద ఏళ్లుగా పరిశోధన సాగింది. ఇక్కడ జూనియర్లకు ఒక హెచ్చరిక. గ్లిసరాల్, మిథనాల్ వంటివి కలిపినప్పుడు హైడ్రోజన్ ఎక్కువగా వస్తుంది. ఎందుకంటే ఆక్సిజన్ పుట్టవలసిన కష్టమైన పనిని ఆ పదార్థం తన మీద వేసుకొని ఖర్చైపోతుంది. వ్యర్థంగా పోయే గ్లిసరాల్‌కు అది మంచి ఉపయోగమే. కాని దాన్ని శుద్ధమైన నీటిని విడగొట్టిన ఫలితంతో పోల్చరాదు. ఏ వ్యాసం చదివినా "ఆక్సిజన్ ఎంత వచ్చింది?" అని ముందు అడగండి. హైడ్రోజన్‌లో సగం ఆక్సిజన్ రాకపోతే నీరు పూర్తిగా విడిపోలేదని అర్థం.

చేయవలసిన పని

ఇది కెమిస్ట్రీవారి సొత్తు కాదు. వెలుగును పట్టటం ఫిజిక్సువారి పని, పలక కారకుండా బిగించటం ఇంజనీర్లది, బోరునీటి గుణం తేల్చటం జియాలజీవారిది, ఎకరాల ఖర్చు లెక్క ఎకనమిక్సువారిది. ప్రాజెక్టుకు తగిన చిన్న ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. మన ఎండలో ఏ నెలలో ఎన్ని ఘటాలు శ్రేణిలో కలిపితే లాభం? దుమ్ము వల్ల ఎంత నష్టం? రెండు వాయువులను విడదీసే పొరగా చవకైన ఏ గుడ్డ పనికివస్తుంది? వీటికి లక్షల పరికరాలు అక్కరలేదు. నోటుపుస్తకం, ఓపిక, కళ్లద్దాలు చాలు.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా నాయినకు ఈ లెక్కలన్నీ చెప్పాను. గొడుగు అద్దం రోజుకు అరకిలో ఇస్తుంది కాబట్టి తొమ్మిది రోజులకు ఒక బస్తాకు సరిపడే హైడ్రోజన్ వస్తుందన్నాను.

"తొమ్మిది రోజులకు ఒక బస్తనా?" అని కాసేపు ఆలోచించి, "లైన్ల నిలవడుడు కంటె నయమే గద" అన్నాడు.

అది బస్తా కాదు నాయినా, బస్తాలో పదోవంతు సరుకే, ధర ఇంకా చాలా ఎక్కువ అని మళ్లీ మొదటి నుండి చెప్పవలసి వచ్చింది. ఓపికగా విని, "మరి చవుకగ చేసేదాక చదువు" అన్నాడు.

ఈ వేసవిలో యు-గొట్టాలకు బదులు రెండు అద్దాల మధ్య పల్చని నీటిపొరతో ఒక పలక చేయబోతున్నాను. ఆసక్తిగల మిత్రులు ల్యాబు మేడమీదికి రావచ్చు. అగ్గిపెట్టె మాత్రం కిందనే పెట్టి రండి.